మిల్లు వైపు గోలు

హోల్మ్‌ఫోర్స్,
8 ఏప్రిల్ 2024, సోమవారం.

యొన్నాకు,

మైదానం బాబాయ్ హెల్మర్ దీవెనలు. మోకాళ్లు తప్పిస్తే నేను క్షేమం. ఒరెబ్రూలో నువ్వూ, మీ ఆయనా, పిల్లవాడూ కులాసాగా ఉన్నారని మారిత్ చెప్పింది. సంతోషం. నా అక్షరాలు చూసి నవ్వొస్తే నవ్వుకో. ఆరో తరగతితో బడి మానేసినవాణ్ని. ఆ తర్వాత నేను రాసిందల్లా సున్నంతో గడ్డి మీద రాసినదే.

ఈ ఉత్తరం మొదలుపెట్టి మూడు వారాలయింది. మొదటి వారం కాయితాలు కొన్నాను. రెండో వారం తారీకు వేశాను. ఇవాళ ఆ తారీకు కొట్టేసి కొత్తది వేశాను.

ముందు ఊరి కబుర్లు. ఏటి మీద మంచు పోయిన గురువారం విరిగింది. సామిల్లు వెనక నీడలో మాత్రం ఇంకా మోకాలి లోతు ఉంది. మా ఆవిడ గెర్డ్ పోయి వచ్చే నెలకి రెండేళ్లు. యాలకుల బన్నులు నేనే చేసుకుంటున్నాను. పిండి సరిగా పొంగదు. నీకు ఓపిక తక్కువ అని గెర్డ్ అనేది. నాకెప్పుడూ నాది ఓపికే అనిపించేది. ఏది నిజమో ఇప్పుడు అడగడానికి మనిషి లేదు.

మన మైదానంలో గడ్డి లేదు. పోయిన శరత్కాలంలో చాపల్లా చుట్టి లారీల్లో ఎక్కించుకుపోయారు. ఇప్పుడంతా ప్లాస్టిక్. నాలుగు మూలలా నాలుగు పెద్ద దీపస్తంభాలు లేచాయి. గీతలు కూడా దానిలోనే కలిపి నేశారు, ఇంక సున్నం బండి తొయ్యక్కర్లేదు. నేను ఆకులు ఊడుస్తాను. అది కూడా ఎవరూ అడగలేదు, అలవాటు.

అసలు కబురు నీకు తెలిసే ఉంటుంది. మన ఆడపిల్లలు యూరప్ ఫుట్‌బాల్ కప్పులో మళ్లీ సెమీఫైనల్ చేరారు. మీ జట్టు తర్వాత ఇదే. స్పెయిన్ వాళ్లతో ఆట. మొదటిది అక్కడ. రెండోది ఇక్కడ, ఇరవై ఎనిమిదో తారీకు ఆదివారం. ఆట మొదలయ్యే ముందు మీ జట్టంతా వచ్చి కొత్త పిల్లల పక్కన నడిచి మైదానంలోకి రావాలని క్లబ్బువాళ్లు అనుకున్నారు. పద్నాలుగు మంది వస్తామన్నారు. నార్వేలో ఉంటున్న పెద్ద సిగ్నె కూడా వస్తోంది. నువ్వొక్కదానివే రానన్నావు.

మారిత్ నన్ను కొట్లో పాల ఫ్రిజ్ దగ్గర పట్టుకుంది. అప్పటి మీ కెప్టెన్ ఇప్పుడు క్లబ్బు వ్యవహారాలన్నీ చూస్తోంది, నీకు తెలుసు. నీకు ఫోన్ చేశానని, ఆ గేటు దాటను, ఇంకెప్పుడూ అడక్కండి అన్నావని చెప్పింది. నన్ను రాయమంది. నేను టోపీ సర్దుకున్నాను.

"రాయమంటున్నాను బాబాయ్, మాట్లాడమనట్లేదుగా. అది నీ మాట వింటుంది," అంది.

నా మాటలు నువ్వు విన్నవి ఎన్నో నాకు తెలియదు. మీరంతా షెడ్డు ముందు బూట్లు దులుపుకుంటూ, బాబాయ్ ఇవాళ్టి మాటలు అయిపోయాయా, ఇంకో రెండు మిగిలాయా అని అడిగేవాళ్లు. నేను రెండు వేళ్లు చూపించేవాణ్ని. పెద్ద సిగ్నె పడీ పడీ నవ్వేది. ఆ నవ్వు ఏటి అవతలికి వినిపించేది.

నువ్వెందుకు రానంటున్నావో ఈ ఊళ్లో అందరికీ తెలుసు. ఎవరూ అనరు. అనకపోగా వేరేది అంటారు. ఎవరి చేతి తొడుగు పోయినా, తాళంచెవి కనబడకపోయినా, యొన్నా బంతితో పాటే ఆకాశం నుంచి దిగుతుందిలే అంటారు. సాసేజీలమ్మే బెర్టిల్ మొదలుపెట్టాడు ఆ మాట. ఇప్పుడు మీ సెమీఫైనల్ నాటికి పుట్టని పిల్లలు కూడా అంటున్నారు. యొన్నా అంటే మనిషని వాళ్లకి తెలియదు.

మీ అమ్మ పోయినప్పుడు చర్చి పక్క గదిలో కాఫీలు తాగుతుంటే ఎవరో చెంచా కనబడలేదని అదే మాట అన్నారు. నువ్వు కప్పు కింద పెట్టి కారు దగ్గరికి వెళ్లిపోయావు. అప్పుడు నేను గెర్డ్ చేసిన బన్నుల పళ్లెం పట్టుకుని నీకు నాలుగడుగుల దూరంలో ఉన్నాను. పళ్లెం పట్టుకుని అలాగే నిలబడ్డాను.

మీ సెమీఫైనల్‌కి ముందటి చలికాలం నాకు నిన్న మొన్నటిలా ఉంది. డిసెంబరులో పడ్డ మంచు ఏప్రిల్ దాకా కదల్లేదు. ఫిబ్రవరిలో ఒకరోజు పొద్దున్నే నువ్వు షెడ్డు తలుపు తట్టావు. తెల్లారకుండానే వృద్ధాశ్రమంలో ముసలివాళ్లకి స్నానాలు చేయించి అటునుంచి అటే వచ్చావు, చేతులు సబ్బు వాసన. పెనాల్టీ చుక్క నుంచి గోలు దాకా చాలు, అంత మేర మంచు తీసిపెట్టవా బాబాయ్ అన్నావు. నేను ట్రాక్టరు బయటికి తీశాను. మిల్లు వైపు గోలు ముందు, చర్చి గది అంత జాగా తవ్వి ఇచ్చాను. చుట్టూ మంచు గోడ నీ భుజం దాకా వచ్చింది.

అప్పటినుంచి రోజూ వచ్చావు. నేను గోలు వెనక నిలబడి బంతులు తిరిగి విసిరేవాణ్ని. ఆ చలిలో బంతి తగిలితే చప్పుడు కర్ర పగిలినట్టుండేది. కొట్టే ముందు ప్రతిసారీ నువ్వు ఎడమ కాలు నేల మీద గట్టిగా ఆనించి, నాలుక చివర పళ్ల మధ్య పట్టుకునేదానివి. మధ్యలో ఇద్దరం మంచు గోడ మీద కూర్చుని ఫ్లాస్కులో కాఫీ తాగేవాళ్లం. నువ్వు కబుర్లు చెప్పేదానివి. ఆశ్రమంలోని ముసలి రూట్ తొంభై ఏళ్ల వయసులో నిన్ను పెళ్లికూతురనుకుని పాడిందని, వంటావిడకీ నీకూ పడటంలేదని. నేను వినేవాణ్ని. నాకూ గెర్డ్‌కీ పిల్లలు లేరు. ఆ నెలన్నర రోజులూ పొద్దున లేవడానికి నాకు గడియారం అక్కర్లేకపోయింది.

జర్మనీలో మొదటి ఆట ఒకటికి రెండుతో ఓడిపోయారు. ఊరంతా బడి వ్యాయామశాలలో తెర కట్టుకుని చూశాం. ఓడినా అందరూ చప్పట్లు కొట్టారు. ఎందుకంటే తర్వాతది ఇక్కడే. కానీ నేల సిద్ధం కాకపోతే ఆట రెండు వందల కిలోమీటర్ల దూరంలో పట్నం మైదానానికి పోతుందని కబురొచ్చింది. ఆటకి వారం ముందు ఆదివారం ఎంతమంది వచ్చారో గుర్తుందా? మిల్లు మేనేజరు, పాస్టరు, బడిపిల్లలు, అందరి చేతుల్లో పారలే. అడవి వైపు గోలు నుంచి మధ్య గీత దాకా ఒక్క పూటలో తవ్వి పోశారు. బెర్టిల్ ఆ రోజు సాసేజీలు ఊరికే పెట్టాడు. తర్వాత ఎప్పుడూ పెట్టలేదనుకో.

ఆట రోజు ఎండ కాసింది. చూరుల నుంచి నీళ్లు కారుతున్నాయి. మన దీపాలు చాలవని ఒంటిగంటకే మొదలుపెట్టారు. మన ఊళ్లో ఉన్నవాళ్లే పదిహేను వందల మంది, ఆ రోజు మైదానం చుట్టూ రెండు వేల మంది ఉన్నారు. రెండో గోలు నువ్వు కొట్టినప్పుడు మిల్లు కూత వేశారు. ఆదివారం నాడు మిల్లు కూత వినడం నా జీవితంలో అదొక్కసారే. ఇక్కడ మనం రెండు, వాళ్లు ఒకటి. అక్కడా ఇక్కడా కలిపితే సరిసమానం. అదనపు అరగంటలోనూ తేలలేదు. ఇంక పెనాల్టీలే.

నాలుగు వాళ్లు కొట్టారు, నాలుగు మనవాళ్లు కొట్టారు. వాళ్ల అయిదో అమ్మాయి కూడా కొట్టింది. నువ్వు కొడితే ఆట ఇంకా ఉంటుంది. తప్పితే లేదు. నువ్వు నడిచి వెళ్లావు. ఎడమ కాలు ఆనించావు. కాలు జారింది. బంతి గోలు మీదుగా, కంచె మీదుగా వెళ్లి మిల్లు దుంగల మధ్య పడింది.

ఎవరూ నిన్ను తిట్టలేదు. మన ఊరివాళ్లు తిట్టరు. తిడితే బాగుండేదేమో. పేపరువాడు మాత్రం, కాలు కాదు, గుండె జారింది అని రాశాడు.

ఆట అయ్యాక నువ్వు బట్టలు మార్చుకునే గదికి వెళ్లకుండా నా షెడ్డులోకి వచ్చి, బోర్లించిన బకెట్టు మీద కూర్చున్నావు. ఒకే ఒక్క మాట అడిగావు.

"చలికాలమంతా జారలేదు కదా బాబాయ్. ఇవాళెందుకు జారింది?"

నేను కాఫీ పోసిచ్చాను. నువ్వు తాగలేదు. ఆ వేసవిలోనే ఊరు వదిలి వెళ్లిపోయావు. బంతి మళ్లీ తన్నలేదని మారిత్ చెప్పింది. అప్పటికి ఇరవై రెండేళ్ల పిల్లవి.

నాకు ఎనభై నిండాయి. ఆ పద్నాలుగు మందితో పాటు నువ్వు కూడా నడిచి వస్తుంటే ఒకసారి చూడాలని ఉంది. నీ పిల్లవాణ్ని తీసుకురా. వాడికి మిల్లు కూత వినిపిస్తాను. రైలు దిగే చోటికి నేనే వస్తాను, ఇంకా బండి నడుపుతున్నాను. ఏ రైలో రాస్తే చాలు.

ఇంక ఉంటాను.

నీ మేలు కోరే
హెల్మర్ బాబాయ్

తా.క.: సంతకం పెట్టేశాను గానీ రాయాల్సింది రాయలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

షెడ్డులో నువ్వు అడిగినదానికి జవాబు నాకు ఆ క్షణమే తెలుసు. మంచు నేలకి దుప్పటి. అది కప్పుకుని ఉన్నంతకాలం కింద మట్టి పెద్దగా గడ్డకట్టదు. తీసేస్తే చలి లోతుకి దిగి మట్టి రాయవుతుంది. బంగాళాదుంపలు పండించే ఇంట్లో పుట్టినవాణ్ని, నాకిది తెలియక కాదు. నువ్వు అడిగితే కాదనలేక ఫిబ్రవరిలోనే మిల్లు వైపు మంచు తీసేశాను. ఆట రోజు పొద్దున ఇనుప చువ్వతో రెండు చివరలా గుచ్చి చూశాను. అడవి వైపు చువ్వ పిడి దాకా దిగింది. మిల్లు వైపు రెండు వేళ్ల బురద, దాని కింద ఠంగుమంది. చలికాలమంతా పొడిగా కాలు పట్టిన ఆ నేలే, ఎండకి పైపైన కరిగి తడిసింది.

పెనాల్టీలకి ముందు, ఏ గోలు వైపు నేల బాగుందో మైదానం మనిషిని కనుక్కోమని రిఫరీ మారిత్‌ని పంపింది. మారిత్ పరిగెత్తుకుంటూ వచ్చింది.

"మిల్లు వైపే కదా బాబాయ్? యొన్నాకి అలవాటైన చోటు," అంది.

అందరూ నన్నే చూస్తున్నారు. టీవీ కెమెరా నా మొహం మీదికి తిరిగింది. కాదు, అడవి వైపు అని చెప్పాలి. చెప్పడానికి ఊపిరి పీల్చుకున్నాను.

మన వైపు అవునని ఎలా అంటామో నీకు చెప్పక్కర్లేదు. పెదాలు సున్నాలా చుట్టి చటుక్కున ఊపిరి లోపలికి పీలుస్తాం, అంతే. ఆ ఆటకొచ్చిన జర్మనీ విలేకరి ఈ ఊరందరికీ ఉబ్బసమా అని అడిగాడట. మారిత్ నా ఊపిరిని అవును అనుకుంది. సరే బాబాయ్ అని వెనక్కి తిరిగి పరిగెత్తింది. ఆగమని ఒక్క కేక వేస్తే సరిపోయేది. ఆ కేక నా నోటికి రాలేదు. పద్నాలుగేళ్లయింది, ఇంకా రాలేదు.

నీకు ముందు తొమ్మిది మంది అక్కడ కాలు ఆనించారు. తొమ్మిది మంది బూట్లూ ఆ రెండు వేళ్ల బురదని గీకేశాయి. నీ వంతు వచ్చేసరికి నీ ఎడమ కాలి కింద ఉన్నది గాజులాంటి మంచుగడ్డ. ఎవరు నిలబడినా జారేవాళ్లే. నీ గుండెకీ దానికీ సంబంధం లేదు.

ఇక్కడిదాకా నిన్న రాశాను. ఇవాళ మంగళవారం. పొద్దున వెళ్లి మారిత్‌కి చెప్పాను. తను, నాకెందుకు చెప్పలేదు బాబాయ్, నేనూ అదే ఊపిరి కదా పీల్చేది, నాకైనా తేడా తెలియాల్సింది అంది. తన తప్పేమీ లేదన్నాను.

ఆ తర్వాత ఈ సంగతంతా ఇంకో కాయితం మీద పెద్ద అక్షరాలతో రాసి, నా పేరు పెట్టి, కొట్టు గుమ్మం పక్కన నోటీసు బోర్డుకి అంటించాను. పిల్లి తప్పిపోయిందనీ, పడవ అమ్మకానికుందనీ అంటిస్తారే, అక్కడ. ఇప్పటికి ఏడుగురు చదివారు. బెర్టిల్ రెండుసార్లు చదివి, ఏమీ కొనకుండా వెళ్లిపోయాడు.

నువ్వు వస్తావో రావో నీ ఇష్టం. నీకు నా మీద కోపం వస్తే అది న్యాయం. ఆ కాయితం మాత్రం ఇరవై ఎనిమిదో తారీకు దాకా ఎవరూ తీయొద్దని, కొట్లో అందరి ముందూ నోరు తెరిచి చెప్పాను.