గూట్లో చెయ్యి పెట్టకు

తమ్ముడూ,

డ్యూటీకి టైమైంది, వెళ్తున్నా. సాయంత్రం కుందేలును నువ్వే దువ్వాలి, బొచ్చు తెగ రాలుస్తోంది. నిన్నటిలా గూట్లో చెయ్యి పెట్టి లాగకు. అది దాని ఇల్లు, కరిచిందంటే తప్పు నీదే. తలుపు తీసి కింద కూర్చో, అదే బయటికొస్తుంది. రాగానే దువ్వెన తియ్యకు, ముందు కొత్తిమీర కాడ ఒకటి పెట్టు.

అమ్మ ఒళ్ళో తువ్వాలు పరుచుకుంటే అదే ఎక్కి కూర్చునేది. ఆ తువ్వాలు నేనే ఉతికేశాను. అమ్మ పోయాక వచ్చిన చుట్టాలంతా వెళ్లగానే, కనపడ్డవన్నీ మిషన్లో వేసేశాను. ఏం చేస్తున్నానో తెలియలేదు. ఇప్పుడు కుందేలు దాన్ని వాసన చూసి వెనక్కి వెళ్లిపోతోంది.

నువ్వు కూడా ఏదైనా తిను.

అక్క

బీరువాలో అమ్మ స్వెటర్ ఒకటి ఉతకనిది ఉంది. కుందేలు రాకపోతే రాకపోనీ, అది మాత్రం పరవకు.