తొలినీటి పరీక్షకు నా కొబ్బరితోట

రాజోలు దగ్గర కాలువగట్టు పేటలో కాపురమున్న, కీర్తిశేషులైన నేలపూడి దేవదానం గారి భార్యను, క్రైస్తవ మతస్థురాలిని, ఆడపిల్లల బడి ఉపాధ్యాయినిని, యాభై ఏళ్ల కాంతమ్మను, దేవుడు చూస్తున్నాడని ఎరిగి ఈ వీలునామా నా చేత్తో రాస్తున్నాను. నా బుద్ధి స్థిరంగా ఉంది. ఎవరి బలవంతమూ లేదు. ఈ మాట అందరూ వాడుక కొద్దీ రాస్తారు. నేను అవసరం పడి రాస్తున్నాను. నా మరిది కొడుకు ఏలీయా, నా కూతురు పోయిన దుఃఖంతో నాకు మతి చలించిందని రెండేళ్లుగా ఊరంతా చెబుతున్నాడు. విశాఖపట్నం మిషను బడిలో పై తరగతి దాకా చదివి, ఇరవై రెండేళ్లు చదువు చెప్పి, నిన్న కూడా బడి నడిపిన మనిషి రాసిన కాగితం ఇదని చదివేవారు గుర్తుంచుకోవాలి.

1. నేను పోయాక దీన్ని అమలు జరిపే బాధ్యత మా కరణం గంగాధరరావు గారికీ, రాజోలు బడి ఉపాధ్యాయుడు జ్ఞానప్రకాశానికీ అప్పగిస్తున్నాను. ఒకరు హిందువు, ఒకరు క్రైస్తవుడు. ఇద్దరూ మా ఊరి కాలువ నీరే తాగుతారు.

2. నేనున్న ఇల్లూ పెరడూ ఏలీయాకు చెందాలి. అది వాళ్ల తాత కట్టిన ఇల్లు. దేవదానం గారు మంచాన పడిన నాలుగు నెలలూ ఆ గుమ్మం తొక్కనివాడు, ఆయన సమాధి మన్ను ఆరకముందే వచ్చి గదుల కొలతలు తీసుకున్నాడు. అయినా ఇస్తున్నాను. వాటా వాటాయే, నా కోపానికీ దానికీ సంబంధం లేదు.

3. కాలువ గట్టున నా జీతంతో కొని, మొక్క నాటి పెంచిన కొబ్బరితోటను అమ్మకూడదు, పంచకూడదు. దాని ఫలసాయమంతా ఏటేటా, యూనివర్సిటీకి చేరిన కళాశాలల్లో పాఠం చెప్పే ఉపాధ్యాయుల్లో, మా కాలువ నీటికీ మా వాంతిభేదికీ ఉన్న సంబంధాన్ని పరిశోధించడానికి ఒప్పుకున్న ఒకరికి ఖర్చుల కింద ఇవ్వాలి. ఏలీయా కోపమంతా ఈ నిబంధన మీదే. “ఎక్కడో ఉన్నోళ్లకి తోట రాసేత్తావా పెద్దమ్మా, మేం కనపళ్లేదా” అన్నాడు. కనపడ్డారు కనుకనే రాస్తున్నాను.

4. సంగతి తెలియనివారి కోసం చెబుతున్నాను. ఆనకట్ట కట్టి మా సీమలోకి కాలువలు తవ్వాక, ఏటా ఎండాకాలంలో రెండు నెలలు నీరు కట్టేస్తారు. ఆ రెండు నెలలూ ఎండిన కాలువే మాకు దారి, పశువుల కొట్టం, చెప్పుకోలేని అవసరాలకు చాటు. మళ్లీ నీరు వదిలిన రోజున ఊరంతా గట్టు మీదికి వెళ్లి, పసుపూ కుంకుమా చల్లి, నురగతో వచ్చే తొలినీటిని దోసిట పట్టి తాగుతారు, పిల్లల నోట పోస్తారు. తొలినీరు తాగినవారికి ఆ ఏడాది తిండికి లోటుండదని నమ్మకం. విగ్రహాలు వదిలిన మేము కూడా దీన్ని వదల్లేదు. పసుపు మాని కీర్తన పాడాం, అంతే తేడా. మూడో రోజునో నాలుగో రోజునో వాంతిభేది మొదలవుతుంది.

పదకొండేళ్లుగా నేను దీన్ని చూస్తున్నాను. పోయినవారి పేరు, వయసు, తొలినీరు తాగారా, ఎవరు పట్టారు, ఎన్నో రోజున పడ్డారు అని గళ్లు గీసి పుస్తకంలో రాసుకున్నాను. అంతర్వేదిలో చేపలు పట్టేవారి పల్లెకు కాలువ లేదు. వాళ్లు ఇసుకలో చెలమ తవ్వుకుని ఆ నీరు తాగుతారు. అక్కడి సంగతి చేపలమ్మే పెద్దింట్లమ్మ తెచ్చేది. ఆమెకు రాత రాదు. తొలినీటి తర్వాతి వారాల్లో వాంతిభేదితో పోయిన మనిషికి ఒక ముడి చొప్పున వల తాడుకు వేసి, ఏడాదికో తాడు ఇచ్చేది. ఇప్పటికి ఆరు తాళ్లు, అన్నిటిలో కలిపి నాలుగు ముళ్లు. మా పేటలో ఒక్క ఏడాదే పంతొమ్మిది పేర్లు.

5. నాలుగేళ్ల కిందట ఒక కళాశాల ఉపాధ్యాయుడు పడవలో వచ్చాడు. ఆయన పేరూ కళాశాల పేరూ రాయను, దేవుడికి తెలుసు. మన భాష మాట్లాడేవాడే. మూడు పూటలు మా ఇంట భోంచేసి, సీసాలో నీరు పట్టుకున్నాడు. అదీ సంక్రాంతి వెళ్లాక, కాలువ నిండుగా పారే రోజుల్లో. తొలినీటి వేళకు రమ్మంటే అప్పుడు ఎండలు కదమ్మా అన్నాడు. నా పుస్తకం తీసుకుని నెలలో పంపుతానన్నాడు. తాళ్లు చూసి నవ్వాడు. పెద్దింట్లమ్మ గంప నెత్తికెత్తుకుంటూ, “ఆయన కాయితం మీద గీత గీత్తే చదువండీ, నేను తాడుకి ముడేత్తే పిచ్చాండీ?” అని నన్నడిగింది. ఆయన అప్పటికే పడవెక్కాడు.

పుస్తకం తిరిగి రాలేదు. ఏడు ఉత్తరాలు రాశాను. చివరికి ఆయన అచ్చువేసిన ఇంగ్లీషు వ్యాసం జ్ఞానప్రకాశం సంపాదించి తెచ్చాడు. నేనే చదివాను, నాకు ఆ మాత్రం ఇంగ్లీషు వచ్చునని ఆయన అనుకుని ఉండడు. మా జబ్బుకు చిత్తడి నేలల చెడుగాలి కారణమట. మా పుస్తకం గురించి ఒక్కటే వాక్యం: ఆ ప్రాంతపు స్త్రీలు చెప్పే కథలు నమ్మదగినవి కావు.

కోపం పాపమని పిల్లలకు నేర్పినదాన్ని. నాలుగేళ్లు ప్రార్థించాను, ఈ కోపం పోలేదు. పోవలసినది కాదేమో. పుస్తకం మళ్లీ రాశాను. అందుకోసం గడప గడపకూ మళ్లీ వెళ్లి, పిల్లలను పోగొట్టుకున్న తల్లులను చెప్పిందే మళ్లీ చెప్పమని అడిగాను. ఒకావిడ చేట కింద పెట్టి, “పోయినసారి చెప్పింది ఏం చేసేరండీ?” అంది. దానికి జవాబు ఆ పెద్దమనిషి చెప్పాలి. తలవంచుకుని నిలబడినదాన్ని నేను.

6. కనుక తోట ఫలసాయం తీసుకునే ఉపాధ్యాయుడు ఈ షరతులకు ఒప్పుకోవాలి. కాలువ వదలడానికి పదిహేను రోజుల ముందే వచ్చి, వదిలాక నెల దాకా మా మధ్య ఉండాలి. ఎండ ఆయనకూ మాకూ ఒకటే. నా పుస్తకానికి ఇక్కడే కూర్చుని నకలు రాసుకోవాలి. అది ఊరు దాటకూడదు. పెద్దింట్లమ్మ తాళ్లు చేత పట్టుకుని ముళ్లు లెక్కపెట్టాలి. తేలినది అచ్చువేయకముందు కాలువ గట్టు మీద నిలబడి తెలుగులో చదవాలి, ఎవరేమడిగినా బదులు చెప్పాలి. నేను అనుకున్నది తప్పని తేలితే ఆ మాటా అక్కడే, అంత గట్టిగానే చెప్పాలి. అందుకని ఫలసాయం ఆపకూడదు. ఈ పని ముగిశాక ఉప్పునీటి పోటుకు చెడుతున్న సముద్రం వైపు పొలాల సంగతి గానీ, ఈ సీమకు పనికొచ్చే మరొకటి గానీ ఎత్తుకోవచ్చు. లండనుకు పనికొచ్చే పరిశోధనలకు లండనులో తోటలుంటాయి.

7. నా ఇత్తడి బిందె, నల్ల కంబళి, అరుగు మీది పీట పెద్దింట్లమ్మకు ఇవ్వాలి. ఎంత వానలోనైనా చేపల వాసన నా ఇంటికి అంటుతుందని లోపలికి రాని మనిషి ఆమె. సాక్షిగా నిశాని పెడతానంది. ఆస్తిలో ఏదైనా పుచ్చుకునేవారు సాక్షిగా ఉండరాదని కరణంగారు చెబితే, “అయితే బిందొద్దండీ, నిశానే పెడతానండీ” అంది. బిందె పుచ్చుకోక తప్పదని నేనే పట్టుబట్టాను.

8. మా గుడి పెద్ద సీమోను, ఆరాధన అయ్యాక అందరి ముందూ, “దేవుడిచ్చిన నీళ్లకి పరీచ్చేంటండీ పంతులమ్మగారూ, విశ్వాసం సన్నగిల్లిందాండీ” అన్నాడు. నీరు దేవుడే ఇచ్చాడు. రెండు నెలలు అందులో పెంట వేసింది మనం. మన పెంటకు దేవుణ్ణి పూచీ పెట్టడమే విశ్వాసమని నేను ఏ వాక్యంలోనూ చదవలేదు. నా కొత్త నిబంధన గ్రంథం సీమోనుకే ఇస్తున్నాను, అందులో ఆ మాట అతనికి దొరికితే చూపించమనండి. వచ్చే నెల కాలువ వదిలే రోజున బడిపిల్లలు గట్టు మీదికి వెళ్లకూడదు. బతికుంటే నేనే బడి తలుపుకు అడ్డంగా నిలబడతాను; లేకపోతే జ్ఞానప్రకాశం నిలబడాలి. పరీక్ష తేలేదాకా ఏటా పది రోజులు నూతి నీరు తాగితే ఎవరికీ పోయేదేమీ లేదు.

9. పుస్తకంలో మొదటి వరుస నా కూతురిది. మాణిక్యం, తొమ్మిదేళ్లు, 1855వ సంవత్సరం, నాలుగో రోజు. ‘ఎవరు పట్టారు’ అనే గడిని ప్రతి తల్లినీ అడిగి నింపాను. ఏడ్చినా విడవకుండా అడిగాను. మా వరుసలో మాత్రం ఖాళీ ఉంచాను. ఆ పెద్దమనిషి తీసుకుపోయిన పుస్తకంలోనూ ఆ గడి ఖాళీయే. కథలని రాసినవాడి చేతికి నేను పూర్తి నిజం ఇవ్వలేదు. ఆ రోజు బడిపిల్లలను వరుసగా నిలబెట్టి కీర్తన పాడించాను. తక్కిన పిల్లలు జంకితే, ముందు మా పిల్ల తాగుతుంది చూడండని పిలిచాను. వద్దమ్మా, వాసనేస్తోంది అంది. గదమాయించి నోట పోశాను.

ఈ ఉదయం ఆ గడి నింపాను: తల్లి, కాంతమ్మ. పరిశోధన చేయడానికి వచ్చేవారు ఆ వరుసతోనే మొదలుపెట్టాలి.

ఇది నేను రాసి, చదువుకుని, సమ్మతించి చేసిన సంతకం. 1866వ సంవత్సరం మే నెల 8వ తేదీ, కాలువగట్టు పేట.

నేలపూడి కాంతమ్మ

సాక్షులు:
మల్లాడి అప్పలరాజు, పడవ సరంగు (సంతకం)
వీరవేణి, మంత్రసాని (నిశాని)