సత్తయ్య గోడ మీది సరస్సు

ఖాజా,

నువ్వు పోయి ఏడాదైందని మీవాళ్లు పెట్టిన బర్సీ భోజనానికి వెళ్లొచ్చాను. దాల్చాలో సొరకాయ ఉడకలేదు. నువ్వుంటే వంటవాడి పని పట్టేవాడివి. అదలా ఉంచు.

విమానాశ్రయం కట్టడానికొచ్చిన జపాన్ ఇంజనీరు వెళ్లిపోతూ ఇచ్చాడని, నీ ఫ్రేముల దుకాణంలో అద్దం బిగించి నాకిచ్చావే, చెక్క అచ్చుతో కాగితం మీద వేసిన ఆ బొమ్మ? "మల్లన్నా, గిది నీ ఒక్కనికే" అన్నావు. నిశ్చలమైన సరస్సు, ఒక్క పడవ, కిందికొచ్చేకొద్దీ పలచబడే నీలాకాశం. ఇన్నేళ్లూ పొద్దుటి చాయ్ దాని ముందే తాగాను. హిమాయత్ సాగర్ కూడా అంత నెమ్మదిగా ఉండదు.

ఇవాళ భోజనాలకి పరిచిన దస్తర్‌ఖాన్ దగ్గర నా పక్కన సత్తయ్య కూర్చున్నాడు. పొలం గట్టు తగాదా తర్వాత నేను మాట మానేసిన సత్తయ్యే. నాకోసం వాడి గడప తొక్కనని నువ్వు ఒట్టేసిన సత్తయ్యే.

"అన్నా, ఖాజా ఇచ్చిన జపాన్ బొమ్మ మా ఇంట్ల ఉన్నది. నాకొక్కనికే అన్నడు. జర వచ్చి చూసిపో."

వెళ్లాను. అదే సరస్సు, అదే పడవ. ఒకే చెక్కతో ఎన్నో బొమ్మలు అచ్చు వేస్తారని చదివినవాణ్ని కనక అంతవరకు నిన్ను మన్నించాను. కానీ చెక్క కొత్తగా ఉన్నప్పుడు గీత సన్నగా, పూర్తిగా పడుతుంది. చెక్క అరిగేకొద్దీ ఆ గీత తెగుతుంది. నా బొమ్మలో పడవ తాడు నీళ్ల మధ్యలోనే ఆగిపోతుంది. అదీ ఒక అందమే అనుకున్నాను. సత్తయ్య బొమ్మలో తాడు ఒడ్డుదాకా ఉంది.

రెంటికీ అద్దాలు బిగించింది నువ్వే. పక్కపక్కన పెట్టి చూశాకే, ఏది ఎవరికో తేల్చుకుని ఉంటావు.

మల్లయ్య