ప్రమీలమ్మ బర్రె, కరెంటాఫీసు తెలుగు

నంద్యాల

శ్రీమతి ప్రమీలమ్మ గారికి, ఆళ్లగడ్డ.

విషయము: విద్యుత్ స్తంభము – పశు సంబంధిత నిరోధము – గురించి.

తెలియజేయునది ఏమనగా, తమ ఆవరణమునందలి స్తంభమున విద్యుత్ ప్రవాహ క్షరణము గుర్తింపబడినందున, సదరు స్తంభమునకు చతుష్పాద జీవములను అనుసంధానించుట ప్రాణాపాయ హేతువు కాగలదు. తదుపరి పరిణామములకు తామే పూర్తి బాధ్యులని ఇందుమూలముగా హెచ్చరించడమైనది.

ఇట్లు,
అజయ్ కుమార్, సహాయ ఇంజనీరు.

తా.క.: ఈ లేఖ అందినట్లు లిఖితపూర్వకముగా తెలియజేయవలెను.

*

ఆళ్లగడ్డ

అజయ్ కుమార్ సారుకు, ప్రమీలమ్మ వణుక్కుంటా పెట్టే దండాలు.

సారూ, మీ కాగితం అందింది. "తెలియజేయునది ఏమనగా" వరకు బాగానే చదివినా, ఆపైన దోవ తప్పినా. పక్కింటి శేషయ్య మామ దగ్గరికి తీసుకపోయినా. మామ కోర్టులో అమీనాగా చేసి రిటైరైనాడు. బతుకంతా ఇండ్లకు పోయి జప్తు నోటీసులు అంటించినోడు. "ప్రాణాపాయ" కాడ ఆగి మంచినీళ్లు అడిగినాడు. తాగి, "పాపా, నీ బర్రెను జప్తు చేస్తాండారు" అన్నాడు.

నేనేం తప్పు చేసినా సారూ? మా పుట్టింటోళ్లు వెలుగోడు నుంచి తోలిచ్చిన బర్రె అది. దాని పాల మీదే నా ఇల్లు నడుస్తాంది. మీరు దాన్ని పట్టుకోని పోతే నేను యాడికి పోవాల?

ఇట్లు,
ఏ పాపమూ ఎరగని ప్రమీలమ్మ.

తా.క.: మామ చదువుతాంటే, కరెంటు కంబానికి కట్టేసిన బర్రె మీ కాగితం మూల నమిలింది. స్టాంపు మాత్రం ఉమ్మేసింది.

*

నంద్యాల

శ్రీమతి ప్రమీలమ్మ గారికి,

తమ తాజా కలము మమ్ములను తీవ్ర ఆందోళనకు గురిచేసినది. సదరు చతుష్పాదమును స్తంభము నుండి తక్షణమే వేరుపరచవలెను. జాప్యము ఎంతమాత్రమును క్షమార్హము కాదు. లైన్‌మన్ జోసెఫ్ స్వయముగా హాజరగును. విద్యుత్ నిలుపుదల నిమిత్తము ఉన్నతాధికారికి ప్రతిపాదన సమర్పించడమైనది.

ఇట్లు,
అజయ్ కుమార్.

తా.క.: ఈ లేఖను పశువుకు దూరముగా ఉంచవలెను.

*

ఆళ్లగడ్డ

సారుకు దండాలు. ఇవి భయంతో కాదు, తెగించి పెట్టేవి.

మీ జోసెఫ్ వచ్చినాడు, చేతిలో కటింగ్ ప్లేయరు పెట్టుకోని. మామ కిటికీలో నుంచి చూసి, "జప్తుకు మనిషిని తోలినారు, తలుపు తీయొద్దు పాపా" అన్నాడు. జోసెఫ్ గేటు కాడ ఏందో అరుస్తాంటే మేమిద్దరం చెవుల్లో వేళ్లు పెట్టుకున్నాం. జప్తు మాట చెవిన పడితే నోటీసు అందినట్టేనంట. మామకు చట్టం బాగా తెలుసు. జోసెఫ్ కాగితం కిటికీలో పడేసి పోయినాడు. "క్షమార్హము కాదు" అని మీరే రాసినాక ఇంక నేను ఎవురి కాళ్లు పట్టుకోవాల?

అందుకే బర్రె మెడకు ఇనుప గొలుసు ఏసి, అదే కంబానికి చుట్టి, తాళం ఏసినా. ఎట్ల పట్టుకోని పోతారో చూస్తా.

ఇట్లు,
తలుపు గడియ పెట్టుకోని రాస్తాండే ప్రమీలమ్మ.

తా.క.: మబ్బు బాగా పట్టింది. బర్రెను తడవనిస్తాగానీ మీకియ్యను.

*

నంద్యాల

ప్రమీలమ్మక్కా,

నీ బర్రె ఎవరికీ వద్దు. ఆ కంబంలోకి కరెంటు దిగుతాంది. ఇప్పుడు నేల ఎండి ఉంది కాబట్టి అది బతికుంది. వాన పడితే చస్తాది. కాపాడబోయి నువ్వూ చస్తావు. కంబాన్నీ గొలుసునూ ముట్టుకోవద్దు. ఈ కాగితం తెచ్చిన జోసెఫ్‌ను లోపలికి రానియ్యి. రబ్బరు గ్లౌజులు వేసుకుని అతనే విప్పుతాడు. అక్కా, బేగా తలుపు తియ్యి.

ఇట్లు,
అజయ్.

తా.క.: ఇట్ల రాసినానని పైవాళ్లకు తెలిస్తే నా పని అయిపోతాది. చదివి చించేయి. లేకుంటే బర్రెకు పెట్టు.

*

ఆళ్లగడ్డ

అజయ్ కుమార్ సారుకు దండాలు. జాగ్రత్త సారూ, మీ పేరు పెట్టుకోని ఎవడో దొంగ ఉత్తరం రాసినాడు.

అందులో ప్రతి మాటా అర్థమయింది. మామ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "అర్థమైతాందంటే ఇది ఆఫీసుది కాదు పాపా, బర్రెను తోలుకోని పోయే సైబరు దొంగలది" అన్నాడు. మీ పాత కాగితం మీదుండే ఫిర్యాదుల నంబరుకు వాట్సాప్‌లో ఆ దొంగ ఉత్తరం ఫోటో పంపినాడు. అది మీ పెద్ద ఇంజనీరు వందన మేడానికి పోయిందంట. మామ చెంబు నీళ్లు తాగేలోపల వీధంతా కరెంటు పోయింది. మేడమే ఫోన్ చేసి, గేటు కాడుండే జోసెఫ్‌ను లోపలికి పిలవమనింది. తాళంచెవి ఇస్తే జోసెఫే విప్పినాడు.

బర్రె కొట్టంలోకి పోయిందో లేదో, వాన దంచి కొట్టింది. కంబం చుట్టూ మడుగు కట్టింది సారూ. ఆడ నేనే కదా దాన్ని తాళమేసి కట్టింది అనుకుంటా, బర్రె మెడ పట్టుకోని బాగా ఏడ్చినా.

ఇట్లు,
బర్రెతో సహా క్షేమంగా ఉండే ప్రమీలమ్మ.

తా.క.: కరెంటు ఆపమని మీరు పెట్టిన ప్రతిపాదన మేడం టేబుల్ మీదనే ఉందంట. నాలుగు మాట్లు చదివినా ఏం అడిగినారో తెలీక పక్కన పెట్టినాదంట. ఆ దొంగను ఎట్లయినా పట్టియ్యమనింది, ఇంకమీద ఆఫీసు కాగితాలన్నీ వానితోనే రాయిస్తాదంట. వాడు యాడుంటాడో మీకేమన్నా తెలుసా సారూ?