బూడిద రంగు సీసా మూత

మామయ్యగారూ,

బడికి వెళ్తున్నాను. వాన వెలిసేదాకా ఓడ బొమ్మకు వార్నిష్ కొట్టకండి, ఈ తేమకు తెల్లగా పొర కడుతుంది. ఎడమ పక్కకు వేయాల్సిన బూడిద రంగు సీసాలో ముద్దకట్టింది కదా, అందులో నాలుగు చుక్కలు థిన్నర్ వేసి మధ్యాహ్నం దాకా కదపకుండా ఉంచండి. కరుగుతుంది. కొత్తగా రంగు కలిపితే మీ అబ్బాయి వేసిన కుడి పక్కతో సరిపోదు. అన్నం కుక్కర్లో ఉంది. మిసో చారు వెచ్చబెట్టుకోండి.

నిన్న మీరు ఆ సీసా చూసి, "మూత బిగించరా యసుహిరో అని ముప్పై ఏళ్లు మొత్తుకున్నాను, విన్నాడా వెధవ!" అన్నారు.

ఆయన మూత బిగించే వెళ్లారు, ఆసుపత్రికి వెళ్లిన రోజు కూడా. ఆయన పోయాక, రోజూ బడి నుంచి రాగానే దాన్ని తీస్తున్నది నేను. చొక్కాలన్నీ ఉతికేశాం. ఇంట్లో ఆయన వాసన అదొక్కటే మిగిలింది.

ఆయన్ను ఏమీ అనకండి. నలభై తొమ్మిదో రోజు కర్మకు ఓడ పూర్తి కావాలని నాకూ ఉంది.

చిజురు

రంగంతా అయిపోయినా సీసా మాత్రం కడగకండి.