తువ్వాల మర్వకు

నాయినా,

ఈ ఉదయం నీ బైబిలు తెరిస్తే పేజీల మధ్య మగ్గాల దూది నూగు కనిపించింది. దులపలేదు.

కాన్వెంటు ప్రార్థనలన్నీ నాకు కంఠతా వచ్చు. కానీ మరమగ్గాల పనికి భీవండి పోయి, అక్కడి నుంచి క్రీస్తు విశ్వాసిగా తిరిగొచ్చిన నువ్వు, "నిన్న తిట్టిన, మనసుల పెట్టుకోకన్నా" అని పక్క మగ్గం అతన్ని అడిగాకే మగ్గం నడిపేవాడివి. అది చూసే నేను నమ్మాను. నన్ను మాత్రం "పెద్దయినంక నీ ఇష్టం బిడ్డా" అని వదిలేశావు.

ఆదివారం మానేరు వాగులో నాకు బాప్తిస్మం. ఏటా పోచమ్మకు బోనమెత్తే అమ్మకు ఆ మాట చెప్పాను.

"నీకు ఈత రాదు గదనే," అంది.

"ఒక్కసారే మునిగేది, అమ్మా."

"సరే తియ్యి. తువ్వాల మర్వకు. నేను గూడ అస్త, ఒడ్డుకు కూసుంట."

అమ్మ ఒప్పుకునేదాకా ఆగుతానన్న నువ్వు, బాప్తిస్మం తీసుకోకుండానే పోయావు.