తలుపేసుకుని కట్టిన ఆక్టోపస్

అక్టోబర్ 9

నా ఆక్టోపస్‌కి ఒప్పుకున్నారు. ఈసారి కార్నివాల్‌కి మా శకటం అదే. బొమ్మ గీసింది నేను, ఇనుప చట్రం వెల్డింగూ నాదే. మా షెడ్డు పెద్ద ఒరెస్తే మామ బాగుందన్నాడు. ఆయన బావమరుదులిద్దరూ బాగుందన్నారు. ఆయన అల్లుడు నోటినిండా రొట్టెతో తలూపాడు. వీళ్లు కలిసే తింటారు, కలిసే తాగుతారు, ఒకరి పిల్లలకు ఒకరు బాప్తిస్మంలో జ్ఞానతండ్రులు. ఒకడు తుమ్మితే నలుగురూ ముక్కు తుడుచుకుంటారు.

శకటాల పోటీలో ఈసారి ఆఖరున వస్తే చిన్న బళ్ల వరసలోకి తోసేస్తారు. బండి కట్టుకునే ఈ పెద్ద షెడ్డు పోతుంది.

నవంబర్ 21

ఆక్టోపస్ కాళ్లు సరిగ్గా ఆడటం లేదు, వణుకుతున్నాయి. పడవల యార్డులో పనిచేసే వాండా అక్కను పిలుద్దామన్నాను. తాళ్లూ కప్పీలూ ఆమెకు కొట్టిన పిండి. అది అన్ని షెడ్లవాళ్లతోనూ తాగుతుందిరా, మన గుట్టు రోడ్డున పడుతుంది అన్నాడు మామ. బండి బయటికొచ్చే దాకా పరాయి మనిషి గడప తొక్కకూడదట. తాతల నాటి నియమమట. నువ్వు నిప్పురవ్వలు చూసుకో నాయనా, సలహాలు మాకు ఇంట్లోనే ఫ్రీగా దొరుకుతాయి అన్నాడు పెద్ద బావమరిది. నవ్వారు. నలుగురిదీ ఒకటే నవ్వు.

జనవరి 14

వాండా అక్క తలుపు కొట్టింది. ఒకే బొమ్మ రెండుసార్లు రాకూడదని మిగతా షెడ్లవాళ్లంతా ఎవరేం కడుతున్నారో బార్‌లో చెప్పేసుకున్నారు, మీరే మిగిలారు అంది. వాసన పట్టడానికొచ్చావా, పో అన్నాడు మామ లోపలి నుంచే. తర్వాత మావైపు తిరిగి, బార్‌కి వెళ్లినవాడు మళ్లీ ఇక్కడికి రానక్కర్లేదన్నాడు.

నా ఆక్టోపస్ లోపలుంది. నేను బార్‌కి వెళ్లలేదు.

ఫిబ్రవరి 3, ఉదయం 10

కార్నివాల్ మొదటి రోజు. అన్ని షెడ్ల తలుపులూ తెరిచారు. పక్క షెడ్డులోంచి ఆక్టోపస్ వచ్చింది.

సాయంత్రం

వాళ్లది ఊపిరి పీలుస్తోంది. కాళ్లు అలల్లా లేస్తున్నాయి. ఆ తాళ్లూ కప్పీలూ వాండా అక్క పనే. మాది దాని వెనకే వణుక్కుంటూ నడిచింది. అమ్మ వెనక కూన చూడండర్రా అన్నారు జనం. ఒక ముసలావిడ జాలిపడి మా మీద రంగు కాగితాలు చల్లింది. అది మరీ అసహ్యం.

ఫిబ్రవరి 26

పోటీలో మాదే ఆఖరు. పెద్ద షెడ్డు పోయింది.

లోపలివాడెవడో పక్క షెడ్డుకి బొమ్మ అమ్ముకున్నాడని మామ తేల్చాడు. లోపలివాళ్లంటే నలుగురు చుట్టాలూ, నేనూ. పెద్దగా వెతకాల్సిన పని పడలేదు. నా స్థానంలో అల్లుడి తమ్ముణ్ణి పెట్టుకున్నారు. తలుపుకి ఇంకో గడియ వేయిస్తారట. గడప మీద ఉమ్మేసి వచ్చాను.

మార్చి 5

బార్‌కి వెళ్లాను. మామ వాళ్లు తప్ప అన్ని షెడ్లవాళ్లూ ఒకే బల్ల దగ్గర. కుర్చీ లాగారు. ఆ కాళ్లేంట్రా, ఏనుగువా? తలేమో వంకాయ అన్నారు. వాండా అక్క నా చేతిలో పెన్సిల్ పెట్టింది.

నిజంగానే వంకాయ. అన్ని నెలలు ఐదుగురం దాన్నే చూశాం.